గోలెంలో మిగిలిన నీళ్ళు

తార్నాక,
26 నవంబర్ 2023

తమ్ముడు దివాకర్‌కు,

నువ్వు పుణె బస్సెక్కి నెల దాటింది. ప్రతి ఆదివారం ఫారం నుంచి ఊళ్ళోకి వచ్చి ఫోన్ చేస్తున్నావు, సంతోషమే. కానీ ఆ రెండు నిమిషాల్లో సగం నీ వెనక బస్సుల హారన్లకే సరిపోతోంది. మిగతా సగం అమ్మ "తిన్నవా, ఏం తిన్నవ్" అని అడగడానికి. మీ గుర్రాల ఫారానికి సిగ్నల్ రాకపోయినా పోస్ట్‌మన్ వస్తాడు కదా. అందుకే ఈ ఉత్తరం. నువ్వు కూడా రాసే పంపు. నోటితో చెప్పింది షెడ్డు దాకా నడిచేసరికి మర్చిపోతాను. కాగితం మీద ఉంటే గోడకు అంటించుకుని అట్లాగే చేస్తాను. నీ రాత కోడి గీకినట్టు ఉంటుంది గనక కొంచెం పెద్ద అక్షరాలు పెట్టు.

అసలు సంగతి షబ్నం. అది నీళ్ళు సరిగా తాగడం లేదు. రోజూ కాదు, కొన్ని రోజులు. పొద్దున హాస్టల్ ఆఫీసుకు పోయే ముందు గోలెం నిండా నీళ్ళు పోసి, తాళం వేసి పోతాను. సాయంత్రం వచ్చేసరికి గోలెం అడుగు కనిపించాలి. కొన్ని రోజులు కనిపిస్తోంది. కొన్ని రోజులు పోసిన నీళ్ళు పోసినట్టే ఉంటున్నాయి, మీద వేపాకులు తేలుతూ. బకెట్ తెచ్చి మూతి దగ్గర పెడితే పెదాలు తడుపుకుని తల తిప్పేస్తోంది. ఆ రోజుల్లో మేత కూడా సగమే.

నాకు గుర్రాల గురించి ఏం తెలుసు చెప్పు. నాయిన ముప్పై ఏళ్ళు యూనివర్సిటీ గుర్రపు స్వారీ క్లబ్బులో గుర్రాలు చూసుకునే సాయిసుగా చేసినా నేను ఎప్పుడూ లాయం గడప దాటలేదు. నువ్వే ఆయన వెంట తిరిగావు. క్లబ్బు మూసేసి ముసలి గుర్రాన్నీ, ఈ షెడ్డునీ నాయినకు వదిలేసినప్పుడు కూడా అది మీ ఇద్దరి గుర్రమే అనుకున్నాను. చివరికి ఆస్పత్రి మంచం మీద ఆయన నా చెయ్యి పట్టుకుని, "షబ్నం నీది బిడ్డా, దాన్ని మళ్ళ బరాత్‌కు తోలనియ్యకు" అన్నాడు. నువ్వు పక్కనే ఉన్నావు. నల్లకుంటలో పెళ్ళి ఊరేగింపు బరాత్‌లో పటాకుల చప్పుడుకు బెదిరి అది పడిపోయి మోకాలు పగిలిన రోజు, నాయిన నడిరోడ్డు మీద దాని తల ఒళ్ళో పెట్టుకుని కూచున్నాడని అమ్మ ఇప్పటికీ చెబుతుంది. ఇప్పుడు దానికి ఏమన్నా అయితే నేను ఆయనకు ఏం చెప్పుకోవాలి?

రాజలింగు కాక పొద్దునా సాయంత్రం సీతాఫల్‌మండి నుంచి సైకిల్ మీద గడ్డి తెచ్చి, షెడ్డు ఊడ్చి పోతున్నాడు. ఆయన కూడా తల గోక్కుంటున్నాడు. నీకే తెలియాలి. తొందరగా రాయి.

నీ అక్క,
వనజ


ఫారం,
6 డిసెంబర్ 2023

అక్కా,

నీ ఉత్తరం ఇక్కడ పెద్ద విశేషమైపోయింది. ఆఫీసు గుమాస్తా కవరు పైకెత్తి అందరికీ చూపించి మరీ ఇచ్చాడు. ఈ కాలంలో ఉత్తరం వచ్చిందంటే కోర్టు నోటీసో ప్రేమ వ్యవహారమో అనుకుంటారు. మా అక్క రాసిందంటే ఎవరూ నమ్మలేదు.

ఇక్కడి గుర్రాలను చూస్తే నీకు కళ్ళు తిరుగుతాయి. ఒక్కొక్కదానికి ఒక సాయిసు, ఒక దుప్పటి, వేళకు దాణా. మా ఉస్తాద్ మరాఠీలో తిడతాడు, హిందీలో నేర్పిస్తాడు. ఇక్కడ సగం చదువు నీళ్ళ గురించే. మొన్న ఒక సంగతి చూపించాడు. పరుగుపెట్టి వచ్చిన గుర్రం, ఒళ్ళంతా చెమట, డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి. నీళ్ళు పెడితే వాసన చూసి ఊరుకుంది. దానికి నీళ్ళు అక్కర్లేక కాదట. గుర్రం చెమటలో మన చెమట కంటే ఉప్పు ఎక్కువ. నీళ్ళతో పాటు ఉప్పు కూడా బయటికి పోయేసరికి దాని ఒంటికి దాహమే తెలియదట. ఉస్తాద్ ఒక బకెట్‌లో కాస్త ఉప్పు కలిపి పెట్టాడు, పక్కన ఇంకో బకెట్‌లో మామూలు నీళ్ళు. ఉప్పు నీళ్ళు నాలుగు గుక్కలు తాగిందో లేదో, రెండో బకెట్ కూడా ఖాళీ చేసింది. నాయినకు ఈ సంగతి తెలుసో లేదో. బతికుంటే చెప్పి ఏడిపించేవాణ్ణి.

షబ్నం గురించి భయపడేది ఏమీ లేదు. పెద్ద అక్షరాలతో రాస్తున్నాను, గోడకు అంటించుకో.

చలికాలంలో గుర్రం తక్కువ తాగుతుంది. ఎండు చొప్ప తినే గుర్రం తాగినన్ని నీళ్ళు పచ్చగడ్డి తినే గుర్రం తాగదు, ఆ గడ్డిలోనే నీళ్ళుంటాయి. కాక తెచ్చేది పచ్చగడ్డే కదా. పైగా ముసలిది, చల్లటి నీళ్ళకు పళ్ళు జివ్వుమంటాయి. హాస్టల్ మెస్సు నుంచి వేడి నీళ్ళు తెచ్చి గోరువెచ్చగా చేసి పెట్టు. ఒకరోజు తాగి ఒకరోజు మానేస్తే కంగారు పడకు. మనం మాత్రం రోజూ ఒకేలా తింటామా?

అమ్మకు చెప్పు, ఇక్కడ చపాతీలు బాగానే పెడుతున్నారని. అన్నం మాత్రం ఉప్మాలా ఉంటుంది.

నీ తమ్ముడు,
దివాకర్


తార్నాక,
21 జనవరి 2024

మా ఇంటి గుర్రాల డాక్టర్ దివాకర్ గారికి,

వెటకారం అనుకోకు, మెచ్చుకోలే. నీ వైద్యం ఫలించింది. నీ ఉత్తరం అందిన వారం పదిరోజులు అటూ ఇటూగానే ఉంది. ధనుర్మాసం వచ్చినప్పటి నుంచి షబ్నం ఒక్కరోజు కూడా నీళ్ళు మిగల్చలేదు. మెస్సులో వంట చేసే సోమమ్మ పెద్ద గిన్నెలో వేడి నీళ్ళు తీసి పెడుతోంది. "మేడం, మీ గుర్రానికి మా పిల్లలకంటె మంచి మర్యాద" అని నవ్వుతుంది. గోరువెచ్చటి నీళ్ళు చూడగానే షబ్నం చెవులు ముందుకు వస్తాయి. తాగుతుంటే గొంతులో ముడి కిందికీ పైకీ పోవడం చూస్తూ నిలబడతాను. ఎంతసేపు చూసినా విసుగు రాదు.

కాకకు నీ గొప్ప చెప్పాను. "నర్సయ్య కొడుకు గదా" అన్నాడు. నువ్వు పోతానన్నప్పుడు నేను గొడవ చేశాను, ఇంత ముసలి గుర్రాన్ని నా మెడకు కట్టి పోతావా అని. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. నువ్వు అక్కడ ఉన్నందుకే ఇక్కడ ఇది బాగుపడింది.

గ్రూప్ పరీక్షల నోటిఫికేషన్ వస్తుందట, క్యాంపస్‌లో ఏ చెట్టు కింద చూసినా పుస్తకాలే. నలుగురు పిల్లలు మన షెడ్డు వెనక నీడలో కూచుని చదువుకుంటామని అడిగారు. లద్దె వాసన ఓర్చుకుంటే నాకేం అన్నాను. మర్నాటి నుంచి రాలేదు.

ఇంకో మాట. షెడ్డు తాళం తుప్పు పట్టి మొరాయిస్తోంది. రెండో తాళంచెవి, నాయిన తన పాత కళ్ళెం ఎర్ర తోలు ముక్క కట్టి నీకిచ్చాడే, అది నీ దగ్గరే ఉంది కదా? లేకపోతే కొత్త తాళం కొనేస్తాను.

నీ అక్క,
వనజ


ఫారం,
1 ఫిబ్రవరి 2024

అక్కా,

చెప్పాను కదా, నా మాట విను అని. డాక్టర్ గారు అన్నందుకు ఫీజు పంపు, నల్లకుంట మార్కెట్ నుంచి చింతకాయ తొక్కు తెచ్చి పార్సిల్ చేసినా చాలు.

తాళం మార్చకు. ఆ పాత తాళం లాంటివి ఇప్పుడు దొరకవు. రెండు చుక్కలు కొబ్బరి నూనె వెయ్యి, అదే కదులుతుంది. నా తాళంచెవి నా ట్రంకు పెట్టెలో భద్రంగా ఉంది. అప్పుడప్పుడూ తీసి చూసుకుంటాను, నాయిన గుర్తొస్తాడు.

పని ఎక్కువగా ఉంది. ఈసారికి ఇంతే.

దివాకర్


తార్నాక,
24 ఫిబ్రవరి 2024

తమ్ముడూ,

తొక్కు పంపాను, సీసా పగలకుండా మూడు చీరముక్కలు చుట్టాను. అందగానే రాయి.

షబ్నం మళ్ళీ మొదలుపెట్టింది. మాఘమాసం వచ్చిన దగ్గర నుంచి ఇదే వరస. ఎండలు ముదురుతున్నాయి, సాయంత్రం తార్నాక చౌరస్తాలో బస్సు దిగిన మనిషి మొదట చెరుకు రసం బండి కోసం చూస్తున్నాడు. ఈ ఎండకు అది ఎక్కువ తాగాలి కదా. కొన్ని రోజులు తాగుతోంది కూడా. కొన్ని రోజులు మాత్రం ముట్టడం లేదు. వెచ్చగా పెట్టాను, చల్లగా పెట్టాను, గోలెం తోమి తోమి నా చేతులు పగిలాయి. ఆ రోజుల్లో దాని కళ్ళు లోపలికి పోయినట్టుంటాయి. సాయంత్రం నన్ను చూసి సకిలించేది, ఇప్పుడు గోడ వైపు తిరిగి నిలబడుతోంది.

అమ్మకు తోచింది అమ్మ చెప్పింది. "శూన్యమాసంల మంచిగనే తాగె. ఇప్పుడు పెండ్లిళ్ళు షురూ అయినయ్, బ్యాండ్ల చప్పుడుకు బెదురుతున్నదేమో" అంది. నిజమే కావచ్చు, మొన్న మెయిన్ రోడ్డు మీద బ్యాండ్ మోగుతుంటే షెడ్డు దాకా వినిపించింది. నల్లకుంటలో పడినప్పటి భయం దానికి ఇంకా పోలేదేమో.

కాక ఇంకోటి చెప్పాడు. "బిడ్డా, దీని వీపు మీద, పొట్ట కింద తెల్లగ చారలు చారలు ఉంటున్నయ్. నిన్న గూడ చూసిన. పగటీలి ఎవరన్న తోల్కపోతున్నరేమో" అన్నాడు. నేను కూడా చూశాను, సున్నం ఎండినట్టు ఉంది, చేత్తో రుద్దితే పొడిలా రాలింది. కానీ తాళం వేసింది వేసినట్టే ఉంటోంది. తాళంచెవులు రెండే. ఒకటి నా బొడ్డులో, ఒకటి నీ పెట్టెలో. ఎవరు తీసుకుపోతారు?

నాకు రాత్రి నిద్ర పట్టడం లేదు దివాకర్. నువ్వు ఒకసారి వచ్చి చూసి పోగలవా?

అక్క


ఫారం,
4 మార్చి 2024

అక్కా,

ఇప్పుడు సెలవు అడిగితే ఏకంగా ఇంటికే పంపిస్తారు. రావడం కుదరదు.

నువ్వు అనవసరమైన అనుమానాలు పెట్టుకోకు. కొంచెం ఆలోచించు. దాన్ని ఎవరన్నా బయట తిప్పి పని చేయిస్తుంటే అలసి వచ్చి ఎక్కువ తాగాలి గాని తక్కువ తాగుతుందా? చిన్న పిల్లాడికి కూడా తెలిసిన సంగతి. అది తక్కువ తాగుతోందంటేనే షెడ్డు దాటలేదని అర్థం.

ఆ తెల్ల చారలు సబ్బు. కాక దాన్ని సర్ఫ్ వేసి కడుగుతున్నాడు, సరిగా నీళ్ళు పోయకుండా వదిలేస్తున్నాడు. అదే చేత్తో అదే బకెట్ గోలెంలో ముంచుతాడు. సబ్బు వాసన తగిలితే ఏ గుర్రం తాగుతుంది? ఆయన కడిగిన రోజు మానేస్తోంది, కడగని రోజు తాగుతోంది. లెక్క సరిపోయింది కదా. తన తప్పు బయట పడకుండా ఎవరో తోలుకుపోతున్నారని నీకు కథ చెబుతున్నాడు. పెద్దవాడైపోయాడు, ఆయనను మాన్పించు. ఇంకెవరినైనా చూసుకో.

తొక్కు అందింది. చాలా బాగుంది.

దివాకర్


తార్నాక,
15 మార్చి 2024

దివాకర్,

రాజలింగు కాకను మాన్పించాను. నువ్వు రాశావు గనక చేశాను గాని, అది నా నోటితో అనడం ఎంత కష్టమయిందో నీకు తెలియదు.

ఆయన సైకిల్ స్టాండు వేసి గడ్డిమోపు దించుతున్నాడు. నీ ఉత్తరం చేతిలో పట్టుకునే అడిగాను, సర్ఫ్ వేసి కడుగుతున్నావా కాకా అని. "మీ నాయినతోని ఇరవై ఏండ్లు గుర్రాలు కడిగిన. ఒక్కనాడు సబ్బు ముట్టియ్యలే. ఇప్పుడెందుకు ముట్టిస్త బిడ్డా" అన్నాడు. మరి ఈ చారలేంటి అన్నాను. తెల్వదన్నాడు. దివాకర్ సబ్బే అంటున్నాడు, వాడికి తెలుసు అన్నాను. గడ్డి దులిపి, దానికి వేసి, కొడవలికి తాడు చుట్టుకుని పోయాడు. పోయేటప్పుడు షబ్నం మెడ మీద చెయ్యి వేసి ఒక్క క్షణం నిలబడ్డాడు. నా వైపు చూడలేదు.

ఇప్పుడు గడ్డి నేనే తెప్పిస్తున్నాను, గోలెం నేనే కడుగుతున్నాను. ఒక్క సబ్బు చుక్క దాని దరిదాపుల్లోకి రాలేదు. నిన్న మళ్ళీ నీళ్ళు మిగిలాయి. వీపు మీద చారలు కూడా ఉన్నాయి.

దీనికి ఏం చెబుతావు?

వనజ


తార్నాక,
31 మార్చి 2024

దివాకర్,

నీ జవాబు కోసం ఎదురుచూడలేదు. ఎదురుచూసి ఉంటే షబ్నం దక్కేది కాదు.

పోయిన వారం ఒక సాయంత్రం నేను వెళ్ళేసరికి అది కింద పడి పొర్లుతోంది. లేచి నిలబడి పొట్ట వైపు తల తిప్పి చూసుకుంటోంది, మళ్ళీ కూలబడుతోంది. ఒళ్ళంతా వణుకు. మా హాస్టల్లో ఉండి చదువుకున్న స్వరూప గుర్తుందా, పశువుల డాక్టరయింది, ఫోన్ చేస్తే పేషెంట్లను వదిలేసి వచ్చింది. లోపల మేత గట్టిపడిపోయిందట, పేగులు కదలడానికి నీళ్ళు లేవట. ముక్కులోంచి గొట్టం వేసి నీళ్ళు, నూనె పోసింది. చాలాసేపటికి అది లద్దె వేసింది. ఆ లద్దె చూసి నేను ఏడ్చాను. ఇన్నేళ్ళ బతుకులో లద్దె చూసి ఏడుస్తానని ఎప్పుడూ అనుకోలేదు.

స్వరూప చేతులు కడుక్కోబోతూ దాని పొట్ట కింది తెల్ల చారలు చూసింది. గోటితో గీకి నాలుక మీద పెట్టుకుంది. నన్ను కూడా చూడమంది. చూశాను.

ఉప్పు, దివాకర్. పచ్చి ఉప్పు. సబ్బు కాదు.

"సబ్బు గిట్లుంటదా అక్కా" అంది స్వరూప. "ఇది చెమట ఎండిన ఉప్పు. జీను పట్టీ కట్టే కాడనే ఉన్నది చూడు. దీంతోని ఎవరో ఎండల గట్టిగ పని చేపిస్తున్నరు. ఉప్పంత పోతే దానికి దాహం తెల్వదు, అందుకే నీళ్ళు ముడ్తలేదు." ఒక బకెట్‌లో గుప్పెడు ఉప్పు కలిపి పెట్టమంది, పక్కన మామూలు నీళ్ళు. మర్నాడు దాని ఒళ్ళు కుదుటపడ్డాక పెట్టాను. షబ్నం ఉప్పు నీళ్ళలో మూతి పెట్టింది, ఆగింది, తాగింది. తరవాత రెండో బకెట్‌లో తల పెట్టి అడుగు నాకేదాకా ఎత్తలేదు.

నేను ఆ బకెట్ పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. ఈ సంగతి నాకు ముందే తెలుసు. నువ్వే రాశావు. మీ ఉస్తాద్, పరుగుపెట్టి వచ్చిన గుర్రం, రెండు బకెట్లు. డిసెంబర్ ఉత్తరం ఇంకా గోడ మీదే ఉంది. అంటే మార్చిలో "అలసిన గుర్రం ఎక్కువ తాగాలి, చిన్న పిల్లాడికి కూడా తెలుసు" అని నువ్వు రాసినప్పుడు అది అబద్ధమని నీకు తెలుసు. తెలిసీ రాశావు. ఎందుకు రాశావో మాత్రం అప్పటికి నాకు అర్థం కాలేదు. అర్థం చేసుకోవడానికి మనసు ఒప్పుకోలేదు అంటే సరిగ్గా ఉంటుంది.

అమ్మ మాట గుర్తొచ్చింది. శూన్యమాసంలో తాగింది, పెళ్ళిళ్ళు మొదలుకాగానే మానేసింది. నేనేమో గోరువెచ్చటి నీళ్ళ మహిమ అని ఊరంతా చాటాను. వెంటనే పంచాంగం చూసి, ముహూర్తం ఉన్న రోజు ఆఫీసుకు సెలవు పెట్టాను. రోజూ లాగే బయట తాళం వేసి, షెడ్డు వెనక గడ్డి పోగు పక్కన కూచున్నాను.

ఎండ ఎక్కిన తరవాత తాళం తీసిన చప్పుడయింది. ముందుకు వచ్చి చూశాను. ముషీరాబాద్‌లో బ్యాండ్ దుకాణం ఉన్న బాలరాజు, చంకలో జరీ జీను, తలపాగా కుచ్చులు. నన్ను చూసి దొంగలా ఉలిక్కిపడలేదు. ఇంట్లో మనిషిలాగే పలకరించాడు. "ఏందక్కా, ఇయ్యాల ఆఫీస్ లేదా?" అన్నాడు. ఎవరడిగారు నిన్ను రమ్మని అన్నాను. ఆయన మొహం మారింది. "నీకు తెల్వదా అక్కా? దివాకర్ తమ్మి చెప్పే పోయిండు గదా. పుణె ఫారంల నా దోస్తుకు చెప్పి తమ్మిని నేనే పెట్టిచ్చిన. నువ్వు పని ఇప్పియ్యి, పెండ్లిళ్ళకు షబ్నంను తోల్కపో అన్నడు. అక్కకు గూడ ఇష్టమే, కాకపోతె ఆమె ముంగట ఆ మాట ఎత్తకు, నాయిన యాదికొచ్చి ఏడుస్తది అన్నడు."

ఆయన చేతిలో తాళంచెవి ఉంది. దానికి ఎర్ర తోలు ముక్క కట్టి ఉంది. నీ ట్రంకు పెట్టెలో భద్రంగా ఉన్న తాళంచెవి.

బాలరాజును తిట్టడానికి లేదు. ఆయన అబద్ధం చెప్పలేదు. మొన్న దానికి చావు తప్పిందని చెబితే జీను కింద పెట్టేసి, "నాకు ఎర్కలేదక్కా, తోల్కొచ్చినంక మంచిగనే నిలబడ్తుండె" అన్నాడు. తాళంచెవి నా చేతిలో పెట్టి పోయాడు.

అటు నుంచి అటే రైలు పట్టాలు దాటి సీతాఫల్‌మండి వెళ్ళాను. కాక ఇంటి ముందు మంచం వేసుకుని కూచున్నాడు. నేను చెప్పాల్సిందంతా చెప్పాను. నీ పేరు వచ్చినప్పుడు ఆయన తల కిందికి దించుకున్నాడు, తప్పు తనదే అయినట్టు. చివరికి "గోలెం కడుగుతున్నవా" అని మాత్రం అడిగాడు.

నాయిన నా చెయ్యి పట్టుకుని ఆ మాట అన్నప్పుడు నువ్వు పక్కనే నిలబడి విన్నావు. అదే ప్రాణాన్ని ఇచ్చి ఉద్యోగం తెచ్చుకున్నావు. నువ్వు పుణె బస్సెక్కింది షబ్నం వీపు మీద. నేను నిన్ను డాక్టర్ గారూ అన్నాను. ఆ మాట తలచుకుంటే ఒళ్ళు మండిపోతోంది.

వనజ


ఫారం,
9 ఏప్రిల్ 2024

అక్కా,

నాలుగుసార్లు రాసి చింపాను. ఇది అయిదోది.

నువ్వు రాసినవన్నీ నిజమే. కాదనను. కానీ నా వైపు కూడా ఒకటుంది, చదవకుండా అవతల పడెయ్యకు.

నాకు ఎనిమిదేళ్ళప్పటి నుంచి షబ్నం లద్దె ఎత్తింది నేను. నాయినతో పాటు లాయంలో దోమల మధ్య పడుకున్నది నేను. నువ్వే రాశావు, లాయం గడప దాటలేదని. చివరికి ఆయన దాన్ని నీ చేతిలో పెట్టాడు. నేను పక్కనే ఉన్నాను అంటున్నావు. ఉన్నాను. నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. వీడు బరాత్‌లకు పంపేస్తాడు అని ఆయన అప్పుడే అనుకున్నాడు. అనుకున్నట్టే చేశానని నువ్వంటావు. అనుకో.

నాకు గుర్రాల పని తప్ప ఇంకేం రాదు. హైదరాబాద్‌లో ఆ పని ఎవరిస్తారు? బాలరాజు అన్న దారి చూపించాడు. అప్పుడప్పుడూ ఒక గంట, మెల్లగా నడిపిస్తా అన్నాడు. నిన్ను అడిగితే ఒప్పుకోవు. మొదట్లో నీళ్ళ గురించి నువ్వు రాసినప్పుడు నిజంగానే చలి అనుకున్నాను, ఒట్టు. ఫిబ్రవరిలో చారలు అని రాసినప్పుడు తెలిసిపోయింది. అప్పటికే అబద్ధం చాలా దూరం వచ్చేసింది. ఆపమని బాలరాజు అన్నకు చెబితే ఇక్కడ నా పని ఏమవుతుందో అని భయపడ్డాను. అనడానికి కాక పేరు దొరికింది, అనేశాను.

నన్ను తిట్టు. అమ్మకు మాత్రం చెప్పకు. సెలవు దొరికితే వస్తాను. ఇంకేమీ రాయకపోయినా ఫర్వాలేదు, ఒక్కటి రాయి. షబ్నం ఇప్పుడు ఎన్ని నీళ్ళు తాగుతోంది? రోజూ గోలెం అడుగు కనిపిస్తోందా? అది తెలియకపోతే నాకు ఇక్కడ పని మీద చెయ్యి ఆడడం లేదు.

నీ తమ్ముడు,
దివాకర్


తార్నాక,
18 ఏప్రిల్ 2024

దివాకర్‌కు,

అమ్మకు చెప్పలేదు. నీ కోసం కాదు, ఆమె తట్టుకోలేదని. ఆదివారం ఫోన్ చేస్తే ఆమెతో మాట్లాడు, తిన్నావో లేదో చెప్పు. నాకు ఇవ్వమని అడగకు.

నాయిన నీ వైపు చూడలేదని రాశావు. ఆ బాధ నాకు తెలియదు, తెలిసి ఉంటే షబ్నంను ఇద్దరం చూసుకుందామనేదాన్ని. నువ్వు నాతో పోట్లాడి దాన్ని తీసుకుపోయినా ఇంత బాధ ఉండేది కాదు. చలికి తక్కువ తాగడం నిజం, పచ్చగడ్డిలో నీళ్ళుండడం నిజం, ముసలి పళ్ళు జివ్వుమనడం నిజం. నాయిన దగ్గర నేర్చుకున్న నిజాలు ఒక్కొక్కటి తెచ్చి నాకు అబద్ధం చెప్పడానికి వాడావు. నేను వాటిని గోడకు అంటించుకున్నాను. చలి అనుకుని రాశానని ఒట్టు వేశావు. ఏ ఉత్తరం దాకా నా తమ్ముడు రాశాడో, ఎక్కడి నుంచి రాయలేదో నాకు తెలియడం లేదు. అందుకని అన్నీ ఒకేలా చూడాల్సి వస్తోంది.

కాక మొన్నటి నుంచి వస్తున్నాడు. ఇంకా నాతో ఎక్కువ మాట్లాడడం లేదు. మాట్లాడేదాకా నేను కాచుకుంటాను. తాళం మార్చాను. గోడ మీది నీ కాగితాలు తీసేశాను, జిగురు మరకలు మాత్రం పోలేదు.

షబ్నం నీళ్ళు తాగుతోంది. ఎన్ని తాగుతోందో ఇక నీకు రాయను.

వనజ